ముకుతాడంత బలం

క్రిందటి నెలలో ఒక తల్లిగారు రాసిన ఉత్తరం నా బల్లమీద ఉన్నది. వారి అమ్మాయి ఈ ఏడే కాలేజీలో చేరింది. హాస్టలులో ఉంటుంది. సన్నపాటి మనిషి. సాయంకాలం ట్యూషను ముగించుకుని గదికి చేరేసరికి చీకటి పడుతుంది. తల్లిగారు సెల్‌ఫోనులో ఒక వీడియో చూశారట. నెరిసిన గడ్డంతో ఒక చైనా ముసలాయన నీళ్ళలో నడుస్తున్నట్టు మెల్లగా చేతులు కదుపుతూ, మీదికి వచ్చిన ఆరడుగుల కుర్రవాళ్ళను ఒక్కొక్కరినే గాలిలోకి ఎగరగొడుతున్నాడట. "దీన్ని తాయ్ చీ అంటారట. బలం అక్కరలేదట. మా అమ్మాయికి ఇది నేర్పిస్తే నాకు నిద్ర పడుతుందా?" అని అడిగారు.

ఆ కడపటి మాట చదివాక ఔననో కాదనో ఒక్క ముక్క రాసి ఊరుకోబుద్ధి కాలేదు. నేను మల్లుణ్ణి కాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయితే రెండేళ్ళుగా తెల్లవారు జామున ఒక గురువుగారి దగ్గర ఈ విద్య అభ్యసిస్తున్నాను. దాన్ని గురించి దొరికినంత చదివాను. ఆ అధికారంతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ముందుగా చెప్పవలసింది చెప్పేస్తాను: ఆ విద్యలోని సూత్రం నిజమే. ఆ వీడియోలో ఎగిరిపడిన కుర్రవాళ్ళను మాత్రం నమ్మకండి. వాళ్ళు శిష్యులు. గురువుగారి చెయ్యి తగిలితే ఎగిరిపడటం వాళ్ళకు అలవాటు.

మనం పొట్టిగా తాయ్ చీ అంటున్నాము గాని పూర్తి పేరు తాయ్ చీ చువాన్. చువాన్ అంటే పిడికిలి. పేరులోనే పోట్లాట ఉన్నదన్నమాట. చైనాలో హెనాన్ రాష్ట్రంలో చెన్ జియా గౌ అని ఒక పల్లె ఉన్నది. చెన్ ఇంటిపేరువారి ఊరు. పదిహేడో శతాబ్దంలో ఆ వంశంలో పుట్టిన చెన్ వాంగ్ టింగ్ ఈ విద్యకు మూలపురుషుడని ఆ ఊరివారు చెప్పుకుంటారు. బయటి ఊరినుంచి వచ్చి వారి దగ్గర నేర్చుకున్న యాంగ్ లూ చాన్ (1799–1872) దీన్ని పేకింగు నగరానికి తీసుకువెళ్ళి, మంచూ రాజకుటుంబీకులకు నేర్పి, ఓటమి ఎరగని యాంగ్ అని పేరు తెచ్చుకున్నాడు. ఆయన మనుమడు యాంగ్ చెంగ్ ఫూ (1883–1936) కాలానికి గంతులూ, దభీమని కొట్టే దెబ్బలూ తగ్గి, ముసలివాళ్ళు కూడా చేయగల నింపాదితనం వచ్చింది. 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖవారు 24 భంగిమలతో ఒక సులభపాఠం తయారుచేశారు. నేడు పార్కుల్లో మనకు కనబడేది చాలావరకు అదే. 2020లో యునెస్కోవారు ఈ విద్యను మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చారు. పోట్లాటగా పుట్టినది ఆరోగ్యసాధనగా మారిన వరస ఇది. ఈ మార్పును మరిచిపోవడంవల్లనే చిక్కంతా వస్తున్నది.

యాంగ్ వంశంవారిని గురించి ఒక కథ ఉన్నది. అరచేతిలో పిచ్చుకను కూర్చోబెట్టుకుంటే అది ఎగరలేకపోయేదట! మంత్రమేమీ లేదు. పిట్ట ఎగరాలంటే ముందు కాళ్ళతో క్రిందికి తన్నుకోవాలి. అది తన్నుకునే క్షణం కనిపెట్టి అరచెయ్యి అంతమేర క్రిందికి జారిస్తే తన్నడానికి దానికి ఆధారం దొరకదు. కథ జరిగినదో కల్పితమో గాని, అందులో చెప్పిన కీలకం మాత్రం తాయ్ చీ అంతటికీ మూలం. బలవంతుడైనా సరే, తన బలం చూపడానికి ఎదుట ఏదో ఒక గట్టి వస్తువు కావాలి. ఆ వస్తువు మనం కాకుండా ఉండటమే ఈ విద్య.

దీన్ని ఈ సాయంకాలం మీ ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. మీ ఇంట్లో అందరికంటె బలమైన మనిషిని కుర్చీలో వెనక్కి ఆనించి కూర్చోబెట్టండి. చేతులు ఒళ్ళో, పాదాలు ముందుకు. మీ చంటివాణ్ణి పిలిచి ఆయన నుదుటిమీద ఒక్క వేలు ఆనించి నొక్కి ఉంచమనండి. ఇప్పుడు ఆయనను లేవమనండి. లేవలేడు! కూర్చున్న మనిషి లేవాలంటే ముందు తల ముందుకు వంచి, శరీరం బరువు పాదాలమీదికి తెచ్చుకోవాలి. ఆ మొదటి అంగుళం దగ్గరే వేలు అడ్డం వచ్చింది. ఆయన కండల బలం ఎక్కడికీ పోలేదు. వాడుకునే దారి మూసుకుపోయింది, అంతే. మన బడి పుస్తకాల్లో గరిమనాభి అని చదివినది ఇదే. ఆ నాభి పాదాల మధ్యనుంచి ఇవతలికి వచ్చిందా, భీముడైనా తూలుతాడు.

చైనా గురువులు ఇంకో ఉపమానం చెబుతారు. అది మన పల్లెటూరివాళ్ళకు చెప్పవలసిన పని లేదు. బండెడు బరువున్న ఎద్దును ఎనిమిదేళ్ళ కుర్రవాడు ముకుతాడు పట్టుకుని నడిపించుకుపోతాడు. ముకుతాడు బరువెంత? నాలుగు తులాలుంటుందేమో. అయితే ఆ గురువులు అక్కడితో ఆగరు. అదే తాడు ఒక రాతిగుఱ్ఱం ముక్కుకు కట్టి లాగండి, తాడు తెగుతుందే గాని గుఱ్ఱం కదలదు అంటారు. ఎద్దు కదలుతున్నది, నొప్పి ఎరుగును, దానికి ఒక దారి ఉన్నది. అందుచేత దాన్ని ఆ దారినే కొంచెం మళ్ళించవచ్చును. ఈ రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. కొంచెం బలంతో ఎక్కువ బలాన్ని మళ్ళించాలంటే, ఆ ఎక్కువ బలం మనమీదికి వస్తూ ఉండాలి. ఎదుటివాడు నిలకడగా, తొందరపడకుండా, తన పాదాలమీద తానుంటే వాడు రాతిగుఱ్ఱమే.

మరి వస్తూన్న బలాన్ని కనిపెట్టడం ఎట్లా? ఇందుకొక ఆట ఉన్నది. తుయ్ షౌ అంటారు. తోపుడు చేతులు అందాము. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మణికట్లు ఆనించుకుని, ఒకరు తోస్తుంటే ఇంకొకరు నడుము త్రిప్పుతూ ఆ తోపును ప్రక్కకు జారవిడుస్తారు. మళ్ళీ వారు తోస్తారు, వీరు జారుస్తారు. కంటితో చూసి చేసేది కాదు. చర్మంతో వినాలి అంటారు. వినడమనే మాటనే వాడతారు. నాకు తెలిసినంతలో ఈ విద్య మొత్తంలో ఆత్మరక్షణకు పనికివచ్చే భాగం ఇదే. ఇందులో తప్పులు రెండు విధాలు. తోపు తగలగానే కొయ్యబారి ఎదురు నిలవడం ఒకటి. అప్పుడు బలం ఎక్కువున్నవాడే గెలుస్తాడు, లెక్క తేలిపోయినట్టే. రెండోది దీనికి విరుగుడనుకుని చేసేది: మెత్తబడటం పేరుతో చచ్చుబడిపోవడం. తడిసిన గుడ్డలాగా చెయ్యి ఒంటికి అతుక్కుపోతుంది, తోసినవాడు నేరుగా రొమ్ముమీదికి వస్తాడు. మెత్తగా ఉండాలి, కాని గాలి నింపిన బంతిలాగా ఉండాలి. బంతిని తోస్తే దొర్లుతుంది గాని నలగదు కదా. ఈ తేడా కాగితంమీద ఎంత రాసినా పట్టుబడదు. ఎవరో ఒకరు మనను నిజంగా తొయ్యాలి.

ఇక్కడే కథలు మనకు అపకారం చేశాయి. సాహిత్యం చెప్పుకు బ్రతికేవాణ్ణి కనుక ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. 1954 జనవరి 17న మకావులో ఒక పోటీ జరిగింది. వూ వంశపు తాయ్ చీ గురువు వూ గుంగ్ యీ ఒకవైపు. ఆయనకు అప్పటికి యాభై దాటాయి. రెండోవైపు తెల్లకొంగ సంప్రదాయానికి చెందిన చాన్ హాక్ ఫూ, ఆయనకంటె ఎంతో చిన్నవాడు. హాంకాంగులో 1953 క్రిస్టమస్ నాటి అగ్నిప్రమాదంలో ఇళ్ళు కాలిపోయినవారి సహాయార్థం పెట్టిన పోటీ అది. జనం విరగబడి చూశారు. రెండో రౌండులోనే ఆపివేసి, గెలుపూ ఓటమీ ఎవరికీ లేదన్నారు. ఆ పోటీ సినిమా తీశారు, ఈనాటికీ చూడవచ్చు. చూస్తే నిరుత్సాహం కలుగుతుంది. గాలిలోకి ఎగరడాలూ లేవు, మెత్తని హస్తచాలనాలూ లేవు. ఇద్దరు మనుషులు చేతులు విసురుకుంటూ, ముక్కు పగలగొట్టుకుంటూ కనబడతారు.

ఈ సందడి చల్లారకముందే, మూడే మూడు రోజులకు, జనవరి 20న హాంకాంగు సాయంకాలపత్రిక ఒకదానిలో లియాంగ్ యూ షెంగ్ అనే రచయిత వీరుల సాహసాలతో ఒక సీరియల్ నవల మొదలుపెట్టాడు. పోటీని చూసి ఊరంతా మాట్లాడుకుంటున్నది కదా, పత్రికవారికి ఇంతకంటె అదను ఏముంటుంది? నవల పండింది. మరుసటి ఏడు జిన్ యుంగ్ కూడా కలం పట్టాడు. ఆ తరువాత ఆ తరహా నవలలకూ, వాటినుంచి సినిమాలకూ అడ్డు లేకపోయింది. వారం వారం సీరియల్ కోసం ఎదురుచూసే మనకు ఆ రుచి తెలియనిది కాదు. నవలలో వీరుడు చిటికెన వేలితో పదిమందిని పడగొడితే మనమెవ్వరమూ అభ్యంతరం పెట్టము. దాన్ని చూసుకుని గురువులు తామూ అట్లా చేయగలమని నమ్మినప్పుడే ప్రమాదం.

ఆ ప్రమాదం 2017 ఏప్రిల్‌లో చెంగ్‌డూ నగరంలో అందరూ చూస్తూండగా బయటపడింది. వెయ్ లెయ్ అనే తాయ్ చీ గురువు అంతకుముందు చైనా ప్రభుత్వ టెలివిజనులో, అరచేతిలో పావురం ఎగరకుండా నిలబెట్టే విద్య చూపించినవాడు. పైన చెప్పిన పిచ్చుక కథే! నేటి మిశ్రమ మల్లయుద్ధంలో శిక్షకుడైన షూ షియావ్ డుంగ్ ఆయనతో తలపడ్డాడు. అర నిమిషం కూడా పట్టలేదు. గురువుగారు నేలమీద ఉన్నారు, ఎదుటివాడు పైనుంచి పిడిగుద్దులు గుద్దుతున్నాడు. చైనాలో పెద్ద రభస జరిగింది. మన సంప్రదాయాన్ని అవమానించాడని కొందరు షూమీద మండిపడ్డారు. నాకు మాత్రం అవమానం సంప్రదాయానికి జరిగినట్టు తోచదు. ఏళ్ళ తరబడి తనను ఎవరూ నిజంగా తోయని చోట నిలబడి, తనను ఎవరూ తోయలేరనుకున్న మనిషికి జరిగింది.

తాయ్ చీకి జ్ఞాతివంటి జూడోను చూడండి. 1882లో జపానులో కానో జిగొరో దాన్ని స్థాపించాడు. ఆయన చెప్పిన లెక్క చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఎదుటివాడి బలం పది, నాది ఏడు అనుకుందాము. వాడు తోసినప్పుడు నేను ఎదురు నిలిస్తే ఓడిపోతాను. ఎదురు నిలవకుండా వాడు తోసినంతా వెనక్కి తగ్గితే వాడు ముందుకు తూలుతాడు. తూలినవాడి బలం పది కాదు, మూడే. నా ఏడు నా దగ్గరే ఉన్నది. సూత్రం తాయ్ చీదే. కాని జూడోలో పిల్లలు రోజూ ఒకరినొకరు నిజంగా పట్టి పడేస్తారు, అందుచేత ఎవరూ భ్రమలో ఉండరు. ఆ జూడోలో కూడా ఏమయింది? 1961లో పారిస్ ప్రపంచ పోటీలో ఆరున్నర అడుగుల డచ్చివాడు ఆంటన్ గేసింక్ వచ్చి జపానువాళ్ళను ఓడించాడు. 1964 టోక్యో ఒలింపిక్సులో బరువుల తేడా లేని పోటీలో కామినాగాను వారి సొంత గడ్డమీదే పట్టివేశాడు. నేర్పు ఇద్దరికీ ఉన్నప్పుడు ఒడ్డూ పొడుగూ మాట్లాడతాయి. బరువులను బట్టి తరగతులు పెట్టడం ఇందుకే. భాగవతంలో చాణూర ముష్టికులముందు బాలకృష్ణుణ్ణీ, బలరాముణ్ణీ నిలబెట్టినప్పుడు, ఇది సమానమైన జోడు కాదు, ఇట్లాంటి సభలో కూర్చోవడమే అధర్మమని మధురలోని ఆడవాళ్ళు వాపోతారు. నన్నడిగితే ఆ సభలో మల్లయుద్ధం తెలిసినవాళ్ళు వాళ్ళే.

కాని చీకటి సందులో అడ్డం వచ్చేవాడు తరగతి చూసి రాడు. వాడికున్నదీ, మనకు అక్కరకు వచ్చేదీ ఒక్కటే: సామాన్యంగా వాడికి నేర్పు ఉండదు, బలముంటుంది. ఆ బలాన్ని దాచుకోకుండా మొత్తం మీదికి తెస్తాడు. వాడు రాతిగుఱ్ఱం కాదు, ఎద్దు. అమ్మాయి వాణ్ణి పడగొట్టనక్కరలేదు. వాడు ఒక అడుగు తూలేంత వ్యవధి సంపాదించి, పరుగెత్తగలిగితే చాలు.

చెయ్యి పట్టుకున్నాడనుకోండి. ఎవరైనా చేసేది వెనక్కి లాక్కోవడం. అది ఎదురు నిలవడమే, లాభం లేదు. పట్టుకున్న పిడికిలిలో నాలుగు వేళ్ళూ ఒకవైపు, బొటనవేలు ఒంటరిగా ఒకవైపు ఉంటాయి. వాటి కొసలు కలిసే చోటే పట్టు బలహీనం. మణికట్టు సన్నని అంచు ఆ సందువైపు త్రిప్పి, మోచెయ్యి వంచి వాడివైపే తోసుకుంటూ ఒక అడుగు దగ్గరికి వేస్తే, చెయ్యి ఊడివస్తుంది. దగ్గరికి వెళ్ళడమేమిటి అంటారా? అదే తమాషా. వాడు లాగుతున్నాడు కదా, వాడి బరువు మడమలమీద ఉన్నది. వాడు అనుకున్నదానికంటె వేగంగా మనం అటే వెళ్ళి భుజం తగిలిస్తే వాడే వెనక్కి తూలుతాడు. భుజంపై చెయ్యి వేసి తోశాడా, ఆ భుజాన్ని తలుపు రెక్కలాగా నడుముతో వెనక్కి త్రిప్పాలి. రెండో చెయ్యి వాడి మోచేతిమీద వేసి, వాడు వెళుతున్న దారినే ఇంకొంచెం సాగనంపాలి. గడియ వేసి ఉందనుకుని తలుపును బలంగా నెట్టినవాడు, అది తెరిచే ఉంటే ఎట్లా లోపల పడతాడో అట్లా పడతాడు. వెనకనుంచి కౌగిలించి ఎత్తబోతే, పాదాలు ఎడం చేసి, మోకాళ్ళు వంచి, బరువు క్రిందికి జారవిడవాలి. పసిపిల్ల ఎత్తుకోనివ్వకుండా జారిపోవడం చూడలేదూ? ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు.

వీటన్నింటికీ వెనక జాగా కావాలి. గోడకు ఆనుకుని ఉన్న మనిషి తగ్గడానికి చోటుండదు. కాబట్టి ఎవడైనా దగ్గరికి వస్తున్నప్పుడే గోడ వెనక లేకుండా ప్రక్కకు జరగడం మొదటి పాఠం. చెయ్యి విడిపించుకుంటూ నోరు మూసుకుని ఉండకూడదు, అరవాలి. ఊపిరి బయటికి పోతే ఒళ్ళు బిగుసుకోదు, నలుగురూ వింటారు కూడా. విడిపించుకోగానే, ఇంకో దెబ్బ వేద్దామని ఆగకూడదు. వాడి చేతిలో కత్తి ఉంటే, పక్కన మరో ఇద్దరుంటే, ఈ వ్యాసంలో రాసినదంతా మరిచిపోయి, వాడడిగిన సంచి విసిరేసి, రెండోవైపు పరుగు తీయాలి.

ఇక తల్లిగారి ప్రశ్న. అమ్మా, మీ అమ్మాయికి తప్పకుండా నేర్పించండి. గురువును వెతకవలసిన తీరు మాత్రం ఇది. మొదటి రోజు వెళ్ళి, భంగిమలు ఎంత అందంగా చేస్తున్నారో చూడకండి. తోపుడు చేతులు నేర్పుతారా అని అడగండి. నేర్పుతామంటే, శిష్యులు ఒకరినొకరు నిజంగా తోసుకుంటున్నారో, మర్యాదకు పడిపోతున్నారో కాసేపు కూర్చుని చూడండి. గురువుగారిని తోసినవాడెవడైనా ఒక్కసారైనా ఆయనను ఒక అడుగు కదిలించాడా, కదిలిస్తే ఆయన నవ్వారా, చిరాకుపడ్డారా, అదీ చూడండి. ముట్టుకోకుండా మనుషులను పడగొడతానని చెప్పే చోటినుంచి వెంటనే వచ్చేయండి. మీ ఊళ్ళో ఇట్లాంటి తాయ్ చీ దొరకక, మంచి జూడో బడి ఉన్నదనుకోండి, అందులో చేర్పించండి. నాకేమీ బాధ లేదు. ఏదైనా సరే, ఆరు నెలలకు తోపు తగిలినప్పుడు ఒళ్ళు బిగుసుకోకుండా ఉండటం కొంచెం కొంచెంగా పట్టుబడుతుంది. అంతలోపల ట్యూషను నుంచి తోటి అమ్మాయిలతో కలిసి రావడం, వెలుతురున్న దారిన రావడం మానిపించకండి. ఆ తరువాత కూడా మానిపించకండి.

మీరు నిద్రను గురించి అడిగారు గనుక ఇంకొక్క మాట. తల్లిగా మీకు యాభై దగ్గర పడుతూ ఉంటాయి, మీ ఇంట్లో అత్తగారో, అమ్మగారో డెబ్బై దాటినవారు ఉండవచ్చు. ఆ వయసులో మనకంటె బలమైన శత్రువు స్నానాలగదిలోని తడి నేల. ఈ విద్యలో ఒంటికాలిమీద బరువు నెమ్మదిగా మార్చుకునే అభ్యాసం క్రమంగా చేసే వృద్ధులు క్రిందపడటం తగ్గుతుందని వైద్యపరిశోధనలు చాలా గట్టిగానే చెబుతున్నాయి. ఆ నెమ్మది భంగిమలకు అక్కడ ఎదురు లేదు. అమ్మాయితోపాటు మీరూ చేరండి. ఇంట్లో తోసి చూడటానికి ఆమెకు ఒక మనిషి కావాలి కూడా.

చీర కట్టుకుని చేయవచ్చునా అని ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాశారు. తోపుడు చేతులకు పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచాలి. కుచ్చిళ్ళు అడ్డం వస్తాయి. పంజాబీ డ్రస్సు మేలు. అదీ వద్దనుకుంటే కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని, పైట నడుముకు బిగించండి. చెప్పులు విప్పెయ్యండి. నేల మాత్రం పొడిగా ఉండాలి.